సర్వీసు రికార్డు యంత్రానిది కాదు, శ్రామికునిది

రైల్వేలోను, తపాలా శాఖలోను, విశ్వవిద్యాలయాలలోను, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలలోను జీతభత్యాల లెక్కలు, సర్వీసు రికార్డులు కాగితం నుండి కంప్యూటరుకు, ఒక కంప్యూటరు పద్ధతి నుండి మరొక పద్ధతికి మారుతూ వస్తున్నవి. యాజమాన్యాలు దీనిని కేవలం కార్యాలయ వ్యవహారంగా, సాంకేతిక నిపుణులు చూచుకొనే విషయంగా పరిగణిస్తున్నవి. మేము అలా భావించటం లేదు. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవు నిల్వ, పీఎఫ్, నామినీ పేరు, చివరకు పెన్షను – ముప్పది ముప్పదిఐదు సంవత్సరాల శ్రమకు రుజువుగా మిగిలేది ఈ రికార్డు ఒక్కటే. దానిని ఎవరు వ్రాస్తున్నారు, ఎవరు దిద్దుతున్నారు, తప్పు దొర్లితే జవాబు చెప్పవలసినవారు ఎవరు అన్నది కార్మికోద్యమం తేల్చుకోవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న తీవ్రతను అర్థం చేసుకొనటానికి బస్తరును మించిన చోటు లేదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చటానికి 1960ల దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరందుల్ మార్గం ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల కొండలను, అడవులను దాటి సుమారు 445 కిలోమీటర్లు సాగుతున్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి వెళ్ళిన తెలుగు కార్మికులు, ఒడియా, హల్బీ, గోండీ మాట్లాడే స్థానిక కార్మికులు కలిసి ఈ మార్గాన్ని నడిపిస్తూ వచ్చినారు. జగదల్‌పూర్‌లో పనిచేసే పాయింట్స్‌మన్ సర్వీసు రిజిస్టరు దశాబ్దాల పాటు విశాఖపట్నంలోని వాల్తేరు డివిజన్ కార్యాలయంలో ఉండేది. అదే ఊరి తపాలా ఉద్యోగి వ్యవహారం ఛత్తీస్‌గఢ్ సర్కిలు కేంద్రమైన రాయ్‌పూర్‌కు పోతుంది. ఒకే వీధిలో నివసించే ఇద్దరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులలో ఒకరు తన ఫైలు కొరకు తూర్పునకు, మరొకరు ఉత్తరానికి ప్రయాణం కట్టవలసిన స్థితి. ఫైలుకు, మనిషికి మధ్య దూరం అంటే ఏమిటో ఈ ప్రాంతపు కార్మికునికి వేరే ఎవరూ చెప్పనవసరం లేదు.

కనుక కంప్యూటరు వల్ల కలిగిన మేలును ముందుగా ఒప్పుకొనవలెను. రైల్వేలో మానవ వనరుల నిర్వహణ పద్ధతిని – మనవారందరు హెచ్ఆర్ఎంఎస్ అని పిలిచే దానిని – రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం అయిన క్రిస్ తయారుచేసినది. 2020 ఆగస్టులో పాసులు, పీటీఓలు దీనిలోకి వచ్చినవి. అదే సంవత్సరం నవంబరు 26న ఉద్యోగి తన వివరాలను తానే చూచుకొనే విభాగం, పీఎఫ్ అడ్వాన్సు విభాగం, పదవీ విరమణ లెక్కల విభాగం ప్రారంభమైనవి. జీతాల లెక్క ఐపాస్ అనే మరొక పద్ధతిలో నడుస్తున్నది. కూతురి పెళ్ళికి పీఎఫ్ అడ్వాన్సు కావలసిన ట్రాక్‌మన్ బచేలి నుండి విశాఖపట్నం వెళ్ళి, పర్సనల్ బ్రాంచిలో ఒక బల్ల నుండి ఇంకొక బల్లకు తిరిగి, రెండు రోజుల సెలవు ఖర్చు చేసుకొనే రోజులను మనం మరచిపోలేదు. ఆ అవస్థ తగ్గితే సంతోషించేవారిలో మేము ముందుంటాము.

కార్మికులు యంత్రానికి శత్రువులని యాజమాన్యాలు వేసే నింద కొత్తది కాదు. 1960ల దశకంలో జీవిత బీమా ఉద్యోగులు కలకత్తాలోని ఇలాకో హౌస్‌లో కంప్యూటరు స్థాపనను ఎదిరించినప్పుడు కూడా ఇదే నింద వేసినారు. ఆనాడు వారు అడిగినది ఒక్కటే: ఈ యంత్రం వచ్చిన తరువాత మా ఉద్యోగాలు ఏమవుతవి? ఆ ఆందోళనల నేపథ్యంలోనే ఆటోమేషన్ సమస్యపై ప్రొఫెసర్ దండేకర్ అధ్యక్షతన ప్రభుత్వం కమిటీని నియమించవలసి వచ్చినది. నేడు మనం అడుగుతున్నది దానికి కొనసాగింపు: ఈ యంత్రం వ్రాసిన లెక్క తప్పయితే, దానిని తప్పు అని నిరూపించవలసిన భారం ఎవరి మీద ఉంటుంది?

ఈ ప్రశ్నకు లోకం ఇప్పటికే భారీ మూల్యం చెల్లించినది. బ్రిటన్ తపాలా సంస్థ 1999లో హొరైజన్ అనే లెక్కల పద్ధతిని ప్రవేశపెట్టినది. ఫుజిత్సు సంస్థ నడిపిన ఆ పద్ధతిలోని లోపాల వల్ల చిన్న చిన్న తపాలా కార్యాలయాల లెక్కలలో లేని లోటు ఉన్నట్లుగా కనబడినది. యంత్రం తప్పు చేయదని యాజమాన్యం పట్టుబట్టినది. 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లకు దొంగతనం, దొంగ లెక్కలు మొదలైన నేరాల క్రింద శిక్షలు పడినవి. ఇళ్ళు అమ్ముకొని లేని లోటును పూడ్చినవారు ఉన్నారు, జైలుకు పోయినవారు ఉన్నారు. కనీసం 13 మంది ఈ కారణంగా ప్రాణాలు తీసుకొని ఉండవచ్చునని 2025 జులైలో వెలువడిన అధికారిక విచారణ నివేదిక తెలిపినది. 2019 డిసెంబరులో అక్కడి హైకోర్టు ఆ పద్ధతిలో లోపాలున్నవని తీర్పు చెప్పినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను రద్దు చేయవలసి వచ్చినది. ఇరువది ఏండ్ల తరువాత వచ్చిన న్యాయం అది. ప్రతివాడు తన కార్యాలయంలో తానొక్కడే తప్పు చేసినవాడనని అనుకొన్నంత కాలం అన్యాయం సాగినది. బాధితులు ఒకరినొకరు కనుగొని, కలిసి నిలబడిన నాటి నుండి అది కూలటం ఆరంభించినది. ఏకాంతంలో ఉన్న బ్రాంచి పోస్టుమాస్టరుకు సంఘం ఎందుకు కావలెనో దీనిని మించిన పాఠం లేదు.

కెనడాది మరొక రకం అనుభవం. 2016 ఫిబ్రవరిలో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఫీనిక్స్ అనే జీతాల పద్ధతిని సుమారు మూడు లక్షల మంది ఉద్యోగులకు వర్తింపజేయటం ఆరంభించినది. సంవత్సరానికి ఏడు కోట్ల డాలర్లు ఆదా అవుతుందని లెక్క వేసినారు. ఆ ఆదా కొరకు, జీతాల పని తెలిసిన సుమారు 1,200 మంది సిబ్బంది పోస్టులను ముందుగానే ఎత్తివేసినారు. ఫలితం ఏమయినది? కొందరికి జీతమే రాలేదు, కొందరికి తక్కువ వచ్చినది, కొందరికి ఎక్కువ వచ్చి తరువాత వసూలు నోటీసులు వచ్చినవి. అక్కడి ఆడిటర్ జనరల్ 2018లో దీనిని అర్థం చేసుకోజాలని వైఫల్యంగా వర్ణించినాడు. యంత్రం చెడినదని మాత్రమే దీనిని అర్థం చేసుకొంటే చాలదు. తప్పును పట్టుకోగల మనుషులను పంపివేసిన తరువాత యంత్రాన్ని నమ్ముకొన్నారు. నష్టానికి మూలం అక్కడ ఉన్నది.

విద్యాలయాలు కూడా దీనికి మినహాయింపు కాదు. స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2022లో జీతాలు, సిబ్బంది వ్యవహారాలు, కొనుగోళ్ళ లెక్కలు అన్నీ ఒకే కొత్త పద్ధతిలోకి తెచ్చినప్పుడు పరిశోధక విద్యార్థుల భత్యాలు ఆలస్యమైనవి, సరుకులు అమ్మినవారి బిల్లులు నిలిచిపోయినవి. అతి తక్కువ ఆదాయం మీద బ్రతికేవారే ముందుగా దెబ్బతిన్నారు. గొప్ప పండితులు ఉన్న చోటనే ఇట్లు జరిగితే, అడవి మధ్య గ్యాంగు హట్టులో ఉన్న కార్మికుని గతి ఏమిటి?

మన ఇంటికి వద్దాం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల జీపీఎఫ్ ఖాతాల నుండి వారికి తెలియకుండా సొమ్ము వెనుకకు తీసివేసినారని ఉద్యోగ సంఘాలు ఆక్షేపించినవి. సుమారు 90 వేల మంది ఖాతాలలో 800 కోట్ల రూపాయల వరకు ఇట్లు జరిగినదని సంఘాలు చెప్పినవి. అధికారులు సాంకేతిక కారణాలను చూపించినారు. వివాదంలోని తప్పొప్పులు ఎట్లున్నా, ఒక సంగతి స్పష్టం: ఉద్యోగి తన ఖాతాను తెరచి చూచుకొన్నందువల్లనే సంగతి బయటపడినది. చూచుకొనకపోయినట్లయితే బయటపడేదే కాదు.

ఇప్పుడు బస్తరు రైల్వే కార్మికుల ముందు మరొక పెద్ద మార్పు నిలిచి ఉన్నది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను ప్రభుత్వం 2019లో ప్రకటించినది. 2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్ విభజనకు ఆమోదం తెలిపినది. దాని ప్రకారం సుమారు 410 కిలోమీటర్ల భాగం విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌లోను, కొత్తవలస–బచేలి మొదలైన సెక్షన్లతో కూడిన సుమారు 680 కిలోమీటర్ల భాగం రాయగడ కేంద్రంగా ఏర్పడే డివిజన్‌లో తూర్పు కోస్తా రైల్వే క్రిందను ఉంటవి. అంటే బస్తరులోని ప్రతి రైల్వే కార్మికుని రికార్డు ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి మారవలసినదే. ఆప్షన్లు, సీనియారిటీ జాబితాలు, క్వార్టర్ల కేటాయింపు, పీఎఫ్ ఖాతా, సెలవు నిల్వ – అన్నీ దానితోపాటు కదులుతవి. ఇల్లు మారేటప్పుడు సామాను పోవటం సహజమని మనవారు అంటారు. జీవితకాలపు సర్వీసు విషయంలో ఆ మాట చెల్లదు.

కంప్యూటరులో ఉన్నది కదా, కదలికలో ఏమి పోతుంది అని కొందరు అధికారులు అడుగవచ్చును. కంప్యూటరులో ఉన్న వివరాలు ఆకాశం నుండి ఊడిపడలేదు. పాత సర్వీసు రిజిస్టర్లను చూచి ఎవరో ఎక్కించినవే అవి. తెలుగువాని ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారము అడిగేది వెనుక. గోండు కార్మికుని పేరును బడిలో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకొక రకంగా వ్రాసి ఉంటారు. ఒక్క అక్షరం తేడా ఉన్నప్పుడు ఉద్యోగంలో ఉన్నంత కాలం ఎవరూ పట్టించుకొనరు. ఆయన మరణించిన తరువాత కుటుంబ పెన్షను కొరకు భార్య దరఖాస్తు పెట్టినప్పుడు ఆ ఒక్క అక్షరమే పర్వతమవుతుంది. అప్పుడు దానిని దిద్దించవలసిన మనిషి లేడు. దిద్దించలేని మనిషి మాత్రం మిగిలి ఉన్నది.

తపాలా సోదరుల పరిస్థితిలో మరొక కోణం ఉన్నది. 2012లో ఆమోదం పొందిన ఆధునికీకరణ పథకం క్రింద లెక్కలు, జీతభత్యాలు కేంద్రీకృత పద్ధతిలోకి వచ్చినవి. 2017 డిసెంబరులో ప్రారంభమైన దర్పణ్ పథకం ద్వారా గ్రామీణ బ్రాంచి కార్యాలయాలకు చేతి యంత్రాలు వచ్చినవి. 2025 ఆగస్టు నాటికి తపాలా శాఖ తన సొంత సాంకేతిక కేంద్రం తయారుచేసిన ఏపీటీ అనే కొత్త పద్ధతిని దేశంలోని లక్షా అరువది వేలకు పైబడిన కార్యాలయాలన్నింటికి విస్తరించినది. ప్రైవేటు సంస్థల మీద ఆధారపడకుండా శాఖలోని ఉద్యోగులే ఇంత పని చేయటం ప్రభుత్వరంగ సామర్థ్యానికి నిదర్శనం. దానిని మేము అభినందిస్తున్నాము. అయితే మారిన తొలి రోజులలో అనేక చోట్ల సర్వరు మందగించి, కౌంటరు ముందు ప్రజలు బారులు తీరినప్పుడు తిట్లు తిన్నది కౌంటరులోని గుమాస్తాయే గాని, పద్ధతిని రచించినవారు కాదు.

గ్రామీణ డాక్ సేవకుని విషయం ఇంకా కఠినం. 2018 మేలో పదహారు రోజుల సమ్మె చేసి సాధించుకొన్న సవరణ ప్రకారం, ఆ సంవత్సరం జులై 1 నుండి బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటల పనికి 12,000 రూపాయలు, ఐదు గంటల పనికి 14,500 రూపాయలు మూల భత్యంగా నిర్ణయించినారు. ఎన్ని గంటల పని అనేది లావాదేవీల లెక్క మీద ఆధారపడుతుంది. బీజాపూర్, సుక్మా, నారాయణపూర్ అడవులలో సిగ్నలు కొరకు గుట్ట ఎక్కవలసిన ఊళ్ళలో, యంత్రంలో నమోదు కాని పని జరగని పనిగా మారిపోయే ప్రమాదం ఉన్నది. ఉత్తరం చేరవేయటానికి నడచిన నడక ఏ సర్వరులోను ఎక్కదు. కాళ్ళకు తెలిసిన దూరం తెరకు తెలియనప్పుడు కాళ్ళ మాటను ఎవరు వినవలెను? అది సంఘం పని.

ఇక చట్టం సంగతి. జీతాల చెల్లింపు చట్టం 1936లో వచ్చినప్పుడు రైల్వే కార్మికులను పేరు పెట్టి తన పరిధిలోకి తీసుకొన్నది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడును 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చినారు. ఈ కోడులో జీతాల చెల్లింపునకు సంబంధించిన అధ్యాయం ప్రభుత్వ సంస్థలకు తనంతట తాను వర్తించదు. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ జారీ చేసినప్పుడే వర్తిస్తుంది. అనుమతి లేని కోతల నుండి రక్షణ ఇచ్చేది ఆ అధ్యాయమే. రైల్వే, తపాలా ఉద్యోగులకు దానిని సంపూర్ణంగా వర్తింపజేస్తూ స్పష్టమైన నోటిఫికేషన్ ఉండవలెనని మేము కోరుతున్నాము.

వసూళ్ళ విషయంలో ప్రతి సభ్యుడు జ్ఞాపకం ఉంచుకోవలసిన తీర్పు ఒకటి ఉన్నది. 2014 డిసెంబరు 18న రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగి తప్పు లేకుండా పొరపాటున ఎక్కువగా చెల్లించిన సొమ్మును మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగుల నుండి, రిటైరైనవారి నుండి, సంవత్సరంలోపు రిటైర్ కాబోయేవారి నుండి వసూలు చేయరాదని, అయిదు సంవత్సరాలకు మించి సాగిన అధిక చెల్లింపును కూడా వసూలు చేయరాదని తెలిపినది. 2016 మార్చి 2న కేంద్ర సిబ్బంది శాఖ దీనికి అనుగుణంగా ఆదేశాలు ఇచ్చినది. కొత్త పద్ధతి పాత తప్పును ఇప్పుడు పట్టినది అన్న పేరుతో జీతంలో కోత పెట్టినప్పుడు, ఈ తీర్పును చేతిలో పట్టుకొని నిలబడవలెను.

ఎనిమిదవ వేతన సంఘం విషయం కూడా దీనితో ముడిపడి ఉన్నది. 2025 అక్టోబరు 28న దాని విచారణాంశాలను మంత్రివర్గం ఆమోదించి, 18 నెలల గడువు ఇచ్చినది. దాని సిఫారసుల మీద జీతాలను స్థిరపరచే రోజున, బకాయిలను లెక్క కట్టే రోజున, యంత్రం చూచేది నేడు దానిలో ఉన్న వివరాలనే. నేటి ఒక్క ఇంక్రిమెంటు తప్పు రేపటి కొత్త స్కేలులోను, ఎల్లుండి పెన్షనులోను పెరుగుతూ పోతుంది. విత్తులో ఉన్న పురుగు పంటలో కనబడుతుంది.

కనుక యాజమాన్యాల ముందు మేము ఈ డిమాండ్లను ఉంచుతున్నాము:

1. డివిజన్ మారినా, పద్ధతి మారినా, ముందుగా ప్రతి ఉద్యోగికి అతని సంపూర్ణ సర్వీసు వివరాలను అచ్చు వేసి, సంతకం చేసి ఇవ్వవలెను. అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉండవలెను. ఆ గడువు ముగిసే వరకు పాత రిజిస్టరును కదల్చరాదు, ఎప్పటికీ నాశనం చేయరాదు.

2. జీతాల పద్ధతిని మార్చినప్పుడు కనీసం మూడు నెలలు పాత లెక్క, కొత్త లెక్క ప్రక్కప్రక్కన నడిపి సరిచూడవలెను.

3. కంప్యూటరు చూపిన లోటు మీద మాత్రమే ఆధారపడి ఏ ఉద్యోగి మీదను వసూలు, సస్పెన్షన్, కేసు పెట్టరాదు. నోటీసు, విచారణ, పద్ధతిని స్వతంత్రంగా పరీక్షించటం జరిగిన తరువాతనే చర్య ఉండవలెను.

4. జగదల్‌పూర్, కిరందుల్ వంటి చోట్ల సమస్యలను అక్కడికక్కడే పరిష్కరించే సిబ్బందిని నియమించవలెను. బిల్లు గుమాస్తాల, పర్సనల్ బ్రాంచి సిబ్బంది పోస్టులను తగ్గించరాదు.

5. జీతపు చీటీ అడిగినవారికి కాగితం మీద, తమకు అర్థమయ్యే భాషలో ఇవ్వవలెను.

6. గ్రామీణ డాక్ సేవకుల పని గంటల లెక్కలో నెట్‌వర్కు లేని కాలానికి చేతివ్రాత రికార్డును అంగీకరించవలెను.

7. కాంట్రాక్టు కార్మికుల హాజరు, జీతాలు కూడా పరిశీలించదగిన రికార్డులో ఉండవలెను. వారి శ్రమ మన ప్రక్కనే జరుగుతున్నది. లెక్క మాత్రం కాంట్రాక్టరు జేబులో ఉంటున్నది.

డిమాండ్లు వ్రాసి పంపినంత మాత్రాన బాధ్యత తీరదు. శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి ఇది. ప్రతి డిపోలోను, ప్రతి సబ్ డివిజన్‌లోను వచ్చే జీతాల వారంలో ఒక సాయంత్రం రికార్డుల పరిశీలన శిబిరం పెట్టండి. చదువుకొన్న యువ సభ్యులు ఫోనులు పట్టుకొని కూర్చొనవలెను. వయస్సు మీరిన కీమన్లు, మెయిల్ ఓవర్సీర్లు తమ కాగితాలు తెచ్చుకొనవలెను. పుట్టిన తేదీ, చేరిన తేదీ, పేరు అక్షరాలు, నామినీ, సెలవు నిల్వ, గడచిన సంవత్సరపు పీఎఫ్ నిల్వ – ఈ ఆరు అంశాలను ప్రతి సభ్యునికి సరిచూడండి. తప్పు కనబడితే ఆ రోజే దిద్దుబాటు దరఖాస్తు పెట్టించి, నకలును శాఖా కార్యాలయంలో భద్రపరచండి. నిరక్షరాస్యుడైన సహచరుని రహస్య సంకేతం ఇంకెవరి చేతిలోనైనా ఉన్నదేమో కూడా విచారించండి. ఆ సంకేతం ఎవరి చేతిలో ఉంటే అతని పీఎఫ్ వారి చేతిలో ఉన్నట్లే.

ఈ పనికి సభలు, ఊరేగింపులు అవసరం లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఓపిక కలిగిన నలుగురు సభ్యులు చాలు. ఇట్లు సేకరించిన తప్పుల జాబితా శాఖల నుండి డివిజన్‌కు, డివిజన్ నుండి కేంద్ర కార్యాలయానికి చేరినప్పుడు, యాజమాన్యంతో చర్చల బల్ల దగ్గర మన మాటకు బలం వస్తుంది. ఫలానా డిపోలో ఇంతమందికి ఇన్ని తప్పులు అని పేర్లతో చెప్పగల సంఘానికి, కేవలం అన్యాయం జరుగుతున్నదని చెప్పే సంఘానికి తేడా ఉన్నది.

జాబితాలను కేంద్ర కార్యాలయానికి పంపండి. ఏ తప్పునూ చిన్నదని వదలివేయవద్దు. ఆ ఒక్క అంకె వెనుక ఒక మనిషి ముప్పది ఏండ్ల ఎండావానలు ఉన్నవి.